ఇక్కడ ఎవరూ ఉండరు

జూన్ మొదటి మంగళవారం పొద్దున్నే కొస్తాబిలె పడవ ముక్కును కన్యస్త్రీ రేవు వైపు తిప్పేసరికి, రేవులో గొడుగులు మొలిచి ఉన్నాయి. నీలం, తెలుపు చారల గొడుగులు. ఒక్కో దాని కింద రెండేసి పడక కుర్చీలు.

ముందు తానే దారి తప్పాననుకున్నాడు. కొస్తాబిలె దారి తప్పాననుకోవడమంటే మాటలు కాదు. ఆ రేవుకు అతను యాభై ఏళ్లుగా వస్తున్నాడు. పొగమంచులో వచ్చాడు, జ్వరంతో వచ్చాడు, ఒకసారి నిండా నిద్రపోయి కూడా వచ్చానని, పడవే తనను జాగ్రత్తగా తెచ్చి దింపి లేపిందని చెబుతాడు. తోర్రెమార్సా ఊరి గంటగోపురం వెళ్లి కొండ మీది ఒంటి పైన్ చెట్టు వెనక దాక్కున్న క్షణాన చుక్కాని తిప్పాలి. అంతే, పడవ తిన్నగా పోయి గులకరాళ్ల మీద ముక్కు ఆనిస్తుంది. గోపురం చెట్టు వెనకే ఉంది. చెట్టు కొండ మీదే ఉంది. దారి తప్పింది తను కాదు.

ఆ తర్వాత జాడీలు కనిపించాయి.

రేవు వెనక గుహలో, చన్నీళ్ల ఊట పక్కన, చీకట్లో ఉండాల్సిన పద్నాలుగు మట్టిజాడీలు బయట బండ మీద ఎండలో నిలబడి ఉన్నాయి, బడిలో తప్పు చేసి బయట నిలబడ్డ పిల్లల్లా. ఒక్కో జాడీలో ఒక వరస నెత్తళ్లు, ఒక వరస ఉప్పు, మళ్లీ ఒక వరస నెత్తళ్లు. ఏప్రిల్‌లో పట్టినవి, మే నెలలో పట్టినవి. పాతకాలపు మెనైకా వలతో పట్టి, పడవలోనే తలలు తుంచి, గంట తిరక్కుండా ఊటనీళ్లలో కడిగి ఉప్పులో పెట్టినవి. మూడు నెలలు చల్లగా, చీకటిగా ఊరితేనే అవి నెత్తళ్లు. లేకపోతే పిల్లుల తిండి. ఇప్పుడు అతని కాళ్ల దగ్గర మరో రెండు గంపలు మిలమిలలాడుతూ కడుగుడు కోసం ఎదురుచూస్తున్నాయి.

"మెల్లగా కుంపా, మెల్లగా! ఆ తాడు దాటకండి, అది ఈతగాళ్ల హద్దు."

నిచ్చెన మీద నిలబడి బోర్డుకు మేకు కొడుతున్నవాడు సాబాతో. ఊళ్లో పొగాకు కొట్టు సాబాతో. కొస్తాబిలెకు చిన్ననాటి దోస్తు, ఇరవై ఆరేళ్లుగా 'కుంపారె'. అంటే అతని కూతురు దెల్ఫీనాను చర్చిలో జ్ఞానస్నానానికి చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రి కొస్తాబిలె.

"ఏంటిది?"

"నేనే వచ్చి చెబుదామనుకుంటున్నా. ఇవాళో రేపో."

"నా జాడీలు ఎండలో ఉన్నాయి."

"వాసన, కుంపా. గుహలో ఐసుపెట్టె పెట్టాలి. వచ్చేవాళ్లు మీలా నాలా కాదు గదా, సున్నితం మనుషులు."

"ఎవరి సెలవుతో పెట్టావిది?"

ఇరవై ఆరేళ్లలో కొస్తాబిలె అతన్ని 'మీరు' అనకపోవడం అదే మొదలు. సాబాతో సుత్తిని నిచ్చెన మెట్టు మీద పెట్టాడు. చెమట లేని మెడను తుడుచుకున్నాడు.

"మీ సెలవుతోనే" అన్నాడు. "మీరే గదా సంతకం పెట్టింది."

*

తోర్రెమార్సాలో అబద్ధానికి ఒక కొలత ఉంది. గోరంత అబద్ధమైతే పావు కొస్తాబిలె. రేడియోలో చెప్పే రేపటి వాతావరణం అర కొస్తాబిలె. ఎన్నికలప్పుడు వచ్చేవాళ్లు ఒకటిన్నర దాకా పోతారు గానీ, అంతకు మించి ఎవరూ పోయిన దాఖలా లేదు. ఈ కొలత ఊరు పెట్టింది కాదని, రోమ్ నుంచి మనుషులొచ్చి తనను కొలుచుకుని పోయారని కొస్తాబిలె చెబుతాడు.

ఆ అబద్ధాలన్నీ సరదాకు చెప్పినవనుకుంటే పొరపాటు. సగం సరదాకే. మిగతా సగం కాపలాకు.

ప్రతి ఆగస్టులో ఉత్తరం నుంచి జనం దిగుతారు. పోసితానోలో కాలు మోపే చోటు దొరక్క, అమాల్ఫీలో ఒక కాఫీ కోసం ముప్పావుగంట వరసలో నిలబడి, మొహాలు కందిపోయి, ఇంకా దక్షిణానికి వస్తారు. అందరిదీ ఒకే ప్రశ్న. "ఎవరూ లేని చోటు ఏదైనా ఉందా?" కొస్తాబిలె టోపీ తీసి గుండెకు ఆనించుకుని, "మీకోసమే దాచి ఉంచా దొరా" అని పడవెక్కించుకుంటాడు. నల్లబండ రేవుకు తీసుకెళ్తాడు. అక్కడ అప్పటికే నలభై మంది ఉంటారు.

"వీళ్లెవరు?" అని అడుగుతారు.

"మా చుట్టాలు. ఇవాళ మా అమ్మమ్మ పుట్టినరోజు. సాయంత్రానికి పోతారు."

"అందరూ జర్మన్ మాట్లాడుతున్నారే?"

"అమ్మమ్మ చాలా తిరిగిన మనిషి."

పడవ కన్యస్త్రీ రేవు ముందు నుంచి పోతున్నప్పుడు మాత్రం అతని గొంతు మారుతుంది. అదేమిటని అడిగిన మిలానో పళ్ల డాక్టరుకు, అక్కడి ముళ్లజీవులు నీళ్లలోంచి ఎగిరి కుడతాయని చెప్పాడు. స్విట్జర్లాండ్ దంపతులకు, ఆ ఊటనీళ్లు తాగిన మగాడికి గడ్డం మొలవదని చెప్పి, పొద్దున్నే గీసుకున్న తన నున్నటి చుబుకాన్ని ముందుకు చాచాడు. ఆవిడ వేలితో తాకి చూసింది. రాళ్లు దొర్లుతాయని రాసిన బోర్డొకటి తనే తయారుచేసి, కొండ మీది కాలిబాట మొదట్లో పాతాడు. దొర్లింది ఏమీ లేదు, ఆ బోర్డు తప్ప. గాలికి రెండుసార్లు దొర్లింది.

ఇదంతా ఎందుకంటే, ఆ రేవు లేకపోతే అతని బతుకు లేదు. మెనైకా వల వేసేవాడు ఆ తీరంలో ఇక అతనొక్కడే. ఆ వల కన్ను పెద్దది, చిన్న చేపను వదిలేస్తుంది, అలిగిన సముద్రంలో పనికిరాదు, ఒక్క రాత్రి పొరపాటు పడితే చిరుగుతుంది. దాన్ని ఆరేయడానికి గులకరాళ్ల ఒడ్డు కావాలి, చేపను కడగడానికి చల్లటి ఊట కావాలి, ఊరబెట్టడానికి గుహ కావాలి. మూడూ ఒక్కచోట ఉన్నది అక్కడే. తండ్రి చనిపోయే ముందు అతనికి గోపురం, చెట్టు గుర్తులు చెప్పాడు. అతను ఆ గుర్తులు ఇద్దరికే చెప్పాడు. ఒకరు అతని అక్క ఎర్సీలియా. జాడీల్లో ఉప్పు పెట్టేది ఆమే గనక చెప్పక తప్పలేదు. రెండోవాడు సాబాతో.

సాబాతోకు చెప్పడం కానుక. జ్ఞానస్నానం రోజు జ్ఞానతండ్రి బిడ్డకు బంగారు గొలుసు పెడతాడు. కొస్తాబిలె దగ్గర బంగారం లేదు. చర్చి మెట్ల మీద సాబాతో చెవి దగ్గరికి లాక్కుని, "గోపురం చెట్టు వెనక్కి పోయేదాకా చుక్కాని తిప్పకండి" అన్నాడు. సాబాతో కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా ఒరే అంటే ఒరే అనుకున్న ఇద్దరు, అంజూరపు తోటల్లో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి దొంగతనాలు చేసిన ఇద్దరు, ఆ పూట నుంచి 'మీరు' అయిపోయారు. ఊరి పద్ధతి అది. సొంత అన్నదమ్ములు కత్తులు దూసుకున్నా సర్ది చెప్పేవాళ్లుంటారు. జ్ఞానస్నానాలకు పెద్దయిన పునీత యోహాను సాక్షిగా కలిసిన కుంపారెలు విడిపోతే ఊరు ఏడు తరాలు చెప్పుకుంటుంది.

ఆ పద్ధతిలో ఇంకా కొన్ని ఉన్నాయి. కుంపారె పోసిన సారాను వాసన చూడకూడదు. కుంపారె తూచి ఇచ్చిన గోధుమపిండిని మళ్లీ తూచకూడదు. కుంపారె ఏదైనా కోరితే, నోట్లోంచి మాట పూర్తిగా బయటికి రాకముందే సరే అనాలి. కుంపారె సంతకం కోసం ఇచ్చిన కాగితాన్ని అతని ముందు చదవకూడదు. చదివితే, నీ మీద నాకు అనుమానమని పునీత యోహానుకు మొహం మీద చెప్పినట్టే.

*

సంతకం ఫిబ్రవరిలో జరిగింది. ఉత్తరపు గాలికి ఊళ్లో కిటికీలన్నీ పళ్లు కొరుకుతున్న రోజు. పొగాకు కొట్టు వెనక గదిలో ఇద్దరే ఉన్నారు. సాబాతో ఎండు అంజూరాలు పెట్టాడు, సారా పోశాడు. తర్వాత నాలుగు పుటల కాగితం ఒకటి, చివరి పుట మీదికి తెరిచి, పక్కనుంచి జరిపాడు.

"చిన్న సంతకం, కుంపా. సాక్షిగా. మన సముద్రం మీద పని చేసేవాడే పెట్టాలట."

కొస్తాబిలె జేబులో కళ్లజోడు ఉంది. చదవడం రాక కాదు. రోజూ కాఫీ బార్‌లో పత్రిక పైకి చదివి వినిపించేది అతనే, లేని వార్తలు కూడా కలిపి. కళ్లజోడు పెట్టె బయటికి తీశాడు. మూత తెరవలేదు. బల్ల మీద పెట్టి, అందరూ చూడాలన్నట్టు, అక్కడ ఎవరూ లేకపోయినా, వేలితో దూరంగా నెట్టాడు. తర్వాత సంతకం పెట్టాడు.

"మీలాంటి మనిషి ఇక పుట్టడు" అన్నాడు సాబాతో.

"రోమ్ వాళ్లూ అదే అన్నారు" అన్నాడు కొస్తాబిలె.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వే తర్వాత అతన్ని ఎక్కువ కోసింది. సంతకం ఒక్క క్షణం. నవ్వు చాలాసేపు నడిచింది. నవ్వుతున్నంతసేపూ సాబాతోకు తెలుసు.

*

పడవలో ఇంటికి తెచ్చిన జాడీల్లో ఒకదాని మూత ఎర్సీలియా తీసి, ఒక నెత్తల్ని వేళ్ల మధ్య పట్టుకుంది. మాంసం ముల్లు మీద నుంచి తడి కాగితంలా జారిపోయింది. రెండో జాడీ చూసింది. మూడోది చూడలేదు.

"ఎన్ని రోజులు ఎండలో ఉన్నాయి?"

"ఆదివారం నుంచట."

"నీకు కళ్లజోడు కొనిపెట్టింది నేను" అంది ఎర్సీలియా. "నా చెవికమ్మలు చేయించుకోకుండా కొన్నాను. ఎందుకు కొన్నానంటావ్? ముక్కు మీద ఈగలు వాలకుండానా?"

"కుంపారె కాగితం చదువుతారా అక్కా?"

"నేనైతే యోహాను గారి కాగితమైనా చదువుతా."

వీధి చివరింటి పిల్ల ఫోనులో వెతికి చూపిస్తే మిగతా సంగతి అప్పుడు బయటపడింది. దెల్ఫీనా, అంటే చర్చిలో అతని చేతుల్లో ఉచ్చపోసి అతని పెళ్లిళ్ల కోటును పాడుచేసిన పిల్ల, ఆ రేవు గురించి ఒక పుట తయారుచేసింది. పైన గొడుగుల బొమ్మ. కింద రాత. ఈసారి కొస్తాబిలె కళ్లజోడు పెట్టుకున్నాడు.

'పోసితానో జనంతో విసిగిపోయారా? అమాల్ఫీలో నిలబడే చోటు కూడా దొరకలేదా? పటాల్లో కనిపించని రేవుకు రండి. సముద్రపు దొంగల నుంచి పారిపోయిన ఒక కన్యస్త్రీ కన్నీళ్లు ఇక్కడ ఊట అయ్యాయి. మధ్యాహ్నం పన్నెండుకు ఊట కీర్తన పాడుతుంది. చెవి ఆనించి వినండి. ఇక్కడ ఎవరూ ఉండరు.'

కన్యస్త్రీ కథ అతనిదే. ఆ రేవులో బండ ఒకటి కన్యస్త్రీ ముసుగులా ఉంటుంది, ఆ పేరు అందుకే వచ్చింది. దెల్ఫీనాకు ఆరేళ్లప్పుడు, ఈత నేర్పుతుంటే మునుగుతానని ఏడ్చింది. ఏడుపు ఆపడానికి అప్పటికప్పుడు అల్లాడు. పన్నెండు గంటలకు ఊట దగ్గర చెవి పెట్టించి, వెనక నిలబడి ముక్కుతో తనే కీర్తన తీశాడు. పిల్ల నమ్మింది. నమ్మి, నీళ్లలోకి దిగింది.

ఆఖరి మాట దగ్గర అతని వేలు ఆగింది.

"ఎవరూ ఉండరంటే" అన్నాడు, "నేనెవర్ని?"

ఎర్సీలియా జాడీలను ఒక్కొక్కటే పెరట్లోకి దొర్లించి, గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది.

*

మర్నాడు కాఫీ బార్‌లో జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒక్క ముక్క కలపలేదు. అదే అతని కొంప ముంచింది. చెప్పడం పూర్తయ్యాక కాసేపు అందరూ ఎదురుచూశారు, ఇప్పుడు ఎగిరే ముళ్లజీవులు వస్తాయేమోనని.

"ఊఁ, తర్వాత?" అన్నాడు మంగలి నున్సియో.

"తర్వాతేముంది. అంతే."

"చదవకుండా పెట్టావా? నువ్వు? చచ్చినవాళ్ల ప్రకటన కూడా రెండుసార్లు చదివి వినిపించే మనిషివి!"

"కుంపారె కాగితం గనక."

"మరి సాబాతో ఇంకోలా చెప్పాడే" అంది కాఫీ పోసే ఆవిడ, కప్పులు తుడుస్తూనే. "నువ్వే ముందుకొచ్చావట. వల లాగలేకపోతున్నా, మోకాళ్లు పోయాయి, రేవు మీరు తీసుకోండి కుంపా అన్నావట. గొడుగుల్లో సగం నీవేనట గదా."

"అలా అన్నాడా?"

"ఇదే చోట కూర్చుని అన్నాడు."

"అబద్ధం."

నవ్వడానికి ముందు నున్సియో పాపం కాస్త ఆగాడు. కానీ ఆగలేకపోయాడు. "ఎంత అబద్ధం కొస్తాబిలె? పావా, అరా?"

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. ముప్పై ఏళ్లుగా అతనే నేర్పిన నవ్వు. అయితే అందులో ఇంకొకటి కూడా ఉంది. బార్‌కు వస్తూ అతను చూశాడు, నున్సియో ఇంటి గుమ్మానికి 'గదులు కలవు' అన్న అట్ట వేలాడుతోంది. కాఫీ ఆవిడ మేడ మెట్లకు కొత్తగా సున్నం వేశారు. సాబాతో మాట నిజం కావాలని వాళ్లందరికీ అవసరం ఉంది. కొస్తాబిలె కాఫీ సగంలో వదిలి లేచాడు.

*

రేవులు, తీరాల లెక్క చూసే దఫ్తరు పోర్తో సాన్ విటాలెలో ఉంది, పడవ మీద రెండు గంటల దూరం. తెల్ల యూనిఫారం తొడిగిన లెఫ్టినెంట్ బెర్గమిన్ ఉత్తరాన వెనెతో వైపు కుర్రవాడు, వచ్చి ఏడాది కాలేదు. ఫైలు తీసి నాలుగు పుటలూ తిప్పి, ఆఖరి పుట మీద వేలు పెట్టాడు.

"ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"'సదరు రేవును గత పదేళ్లుగా జాలరులెవరూ వాడటం లేదని, అందులో వలలు గానీ సామాను గానీ లేవని, జాలరి వృత్తిలో ఉన్న నేను స్వయంగా ఎరుగుదును.' ఇది మీరు చెప్పిందేనా?"

సాబాతో రేవు తీసుకున్నాడని కొస్తాబిలెకు తెలుసు. తన నోటితోనే తనను లేకుండా చేశాడని అప్పుడు తెలిసింది.

"ఆ పదేళ్లూ అక్కడున్నది నేనే అయ్యా."

"మరి లేరని ఎలా రాశారు?"

"చదవలేదు."

లెఫ్టినెంట్ కలం కింద పెట్టాడు. బయటి గదిలోకి ఒకసారి చూసి, లేచి తలుపు దగ్గరగా వేశాడు. మంచి మనసున్న పిల్లవాడు.

"చూడండి పెద్దాయనా. మీకు చదవడం రాకపోతే ఈ వాంగ్మూలం చెల్లదు. చదువురాని సాక్షికి చదివి వినిపించాలని నిబంధన. వినిపించినట్టు ఇందులో ఎక్కడా లేదు. నాకు చదువు రాదని మీరు ఒక్క మాట చెబితే, నేను రాసుకుంటాను. ఈ శనివారానికల్లా గొడుగులు తీయిస్తాను. మీ రేవు మీకు వస్తుంది."

"ఒక్క మాటా?"

"ఒక్క మాటే."

అర కొస్తాబిలె కూడా కాదు. పావు. పళ్ల డాక్టరుకు చెప్పినదాని ముందు అదొక లెక్కా? నాలుక చివరికి వచ్చింది కూడా. గుహ కళ్ల ముందు మెదిలింది, ఊట చప్పుడు, రాళ్ల మీద పరిచిన వల. మెనైకా కాలం ఇంకా నెలన్నర ఉంది. ఈ ఏడాది జాడీలు పోతే పోనీ, మళ్లీ పది నింపుకోవచ్చు. ఎర్సీలియా గొయ్యి పూడ్చి, ఉప్పు బస్తా విప్పుతుంది.

అయితే ఆ మాట అన్నాక ఏం మిగులుతుంది? కొస్తాబిలె అక్షరం ముక్క రాని మొద్దు, ఎవడో కాగితం ముందు పెడితే వేలు కదిపాడు, అని మిగులుతుంది. అప్పుడు సాబాతో ఏ ద్రోహమూ చేయనట్టే. చదువురానివాడిని ఎవడైనా మోసం చేస్తాడు, అది రోజూ సంతలో జరిగేదే. చదవగలిగిన మనిషి కళ్లజోడు పక్కకు నెట్టాడు చూడండి, ఆ ఒక్క పనికీ ఈ లోకంలో సాక్షి లేడు. సాబాతో తప్ప. సాబాతో చెప్పడు.

"చదువొచ్చు నాకు" అన్నాడు కొస్తాబిలె.

"ఒకసారి ఆలోచించుకోండి."

"బాగా వచ్చు. అదే రాయండి. కళ్లజోడు జేబులోనే ఉంది, తీసి పక్కన పెట్టాను, అది కూడా రాయండి. అతను నా కుంపారె గనక చదవలేదు. అతను రాసింది అబద్ధమని నాకు తెలీదు, అతనికి తెలుసు. ఇదంతా రాసి, ముద్ర వేసి, ఒక ప్రతి నాకివ్వండి."

"ఇది రాస్తే నేనేమీ చేయలేను. చదువొచ్చిన సాక్షి చదవలేదంటే తప్పు సాక్షిదే అవుతుంది. కుంపారె అనే కారణం చట్టంలో ఎక్కడా లేదు."

"మీ చట్టం చేసినవాళ్లకు కుంపారెలు లేరు కాబోలు. రాయండి బాబూ."

రాశాడు. ముద్ర వేశాడు. ముద్ర వేస్తున్నప్పుడు ఆ కుర్రవాడి మొహం చూస్తే, రేవు పోయింది అతనిదేనేమో అనిపించేలా ఉంది.

*

ఓడరేవు గట్టు మీద, కొస్తాబిలె పడవ కట్టిన గుంజ పక్కన, సాబాతో నిలబడి ఉన్నాడు. ఊళ్లో ఎవరో చెప్పి ఉంటారు, పొద్దుటి బస్సుకు వచ్చేశాడు. మొహం పాలిపోయి ఉంది. రెండు చేతుల్లోనూ టోపీ నలుగుతోంది.

"ఏం రాయించారు కుంపా?"

కొస్తాబిలె కాగితం అతని చేతిలో పెట్టాడు. సాబాతో అక్కడే, ఎండలో నిలబడి, మొదటి అక్షరం నుంచి ఆఖరి ముద్ర దాకా పెదాలు కదుపుతూ చదివాడు. కొస్తాబిలె అతన్ని చదవనిచ్చాడు. తాడు విప్పుతూ చూస్తూ ఉన్నాడు. మధ్యలో ఒకచోట, కళ్లజోడు సంగతి దగ్గర కాబోలు, పెదాలు ఆగాయి. మళ్లీ కదిలాయి.

ఆఖరికి వచ్చేసరికి సాబాతోకు ఊపిరి వచ్చింది.

"అంటే... రేవుకు ఏం కాదు గదా?"

"కాదు."

"చదువు రాదని చెప్పమనలేదా వాళ్లు? నేనైతే దానికే భయపడి చచ్చాను. మీరు చెప్పేస్తారనే అనుకున్నాను" అని ఒక్కసారిగా నవ్వేశాడు. భయం దిగిపోయిన మనిషికి వచ్చే ఏడుపు లాంటి నవ్వు. "పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిజం చెప్పని మనిషి, ఇవాళే దొరికిందా కుంపా మీకు!"

కొస్తాబిలె పడవలోకి దిగాడు.

"ఒక్కమాట వినండి. దెల్ఫీనా ఏమందో తెలుసా? జ్ఞానతండ్రి మనతోనే ఉండాలి నాన్నా అంది. వచ్చేవాళ్లకు కథలు చెప్పడానికి మీరుండాలి. కన్యస్త్రీ కథ మీరు చెప్పినట్టు ఎవరు చెప్పగలరు? పొద్దున వచ్చి, ఊట దగ్గర కుర్చీలో కూర్చోండి, చాలు. వల లాగే బాధ ఉండదు. మీకు ఒక గొడుగు, ఒక కుర్చీ, జీవితాంతం. ఏమంటారు?"

కొస్తాబిలె తెడ్డుతో గట్టును నెట్టాడు. గట్టుకూ పడవకూ మధ్య మూరెడు నీళ్లు పరుచుకున్నాయి.

"సరే, తర్వాత మాట్లాడుకుందాం. ముందు నన్ను ఎక్కించుకోండి. బస్సు మళ్లీ సాయంత్రం గానీ లేదు. రేవులో మనుషులొచ్చి ఉంటారు. దారే గదా, కుంపా, అక్కడ దింపేసి పోండి."

ఇరవై ఆరేళ్లలో మొదటిసారి కుంపారె కోరిక పూర్తిగా నోటి నుంచి బయటికి వచ్చి, జవాబు లేకుండా గాల్లో నిలబడింది. గట్టు మీద వలలు కుడుతున్న ఇద్దరు తలలెత్తి చూశారు. పోర్తో సాన్ విటాలెలో కూడా ఆ పద్ధతి అందరికీ తెలుసు.

కొస్తాబిలె వంగి ఇంజను తాడు లాగాడు. అది ముసలి ఇంజను, దగ్గి ఊరుకుంది.

"కుంపా!"

రెండోసారి లాగాడు. పొగ వచ్చింది, చప్పుడు రాలేదు. పడవ అలల మీద మెల్లగా పక్కకు తిరిగింది. ఇప్పుడు గట్టు అతని వీపు వెనక ఉంది.

"కొస్తాబిలె! అందరూ చూస్తున్నారు!"

తాడు చేతికి చుట్టుకుని మూడోసారి లాగబోతుంటే, వెనక నుంచి ఇంకో పిలుపు వచ్చింది. అరుపు కాదు. అంజూరపు తోట గోడ కింద నిలబడి పిలిచినట్టు.

"ఒరే కొస్తా."

అతని చెయ్యి ఆగిపోయింది. గట్టు మీది వాళ్లు చెబుతారు, నిండా నిమిషం ఆగిందని. తిరిగి చూస్తాడని పందెం కూడా వేసుకున్నారట.

తర్వాత తాడు లాగాడు, ఇంజను అందుకుంది.